సీ లౌంజ్ కిటికీ పక్కన అమ్మ

రేణిగుంటలో రైలు దిగి ఇల్లు చేరినా మనసింకా ముంబైలోనే ఉంది. తాజ్ మహల్ ప్యాలెస్‌లో అమ్మకి ఒక్కసారి టీ తాగించాలని ఎన్నాళ్ళ కోరికో! సీ లౌంజ్‌లో కిటికీ పక్కనే చోటు దొరికింది. ఎదురుగా గేట్‌వే ఆఫ్ ఇండియా, ఆ వెనక సముద్రం, పడవలు. జంషెడ్‌జీ టాటా కట్టించిన ఈ హోటల్ 1903లో తెరిచేనాటికి ఆ గేట్‌వే లేనే లేదు, అది పూర్తయింది 1924లో. ఆ మాట చెబితే అమ్మ, "అట్లనా! అయితే వయసులో ఈ హోటలే పెద్దదా" అనింది.

హోటల్లోని హార్బర్ బార్ 1933 నాటిదట. అక్కడి చైనీస్ రెస్టారెంట్ గోల్డెన్ డ్రాగన్‌ని బయటినుంచే చూసుకున్నాం.

2008 ఉగ్రదాడిలో అతిథుల్ని కాపాడుతూ ఇక్కడి సిబ్బంది ప్రాణాలే ఇచ్చారు. అది విన్నాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. లేచేముందు సంచిలోంచి తిరుమల లడ్డు తీసి, టీ పోసిన అబ్బాయి చేతిలో పెట్టింది.