నూలు విడిచి మిల్లీమీటరు పట్టుకోవాలా: పుస్తకాల బీరువా, మూడో వారం

కావలిలో మా ఇంటి వరండాలో చేస్తున్న పుస్తకాల బీరువా పని మూడో వారంలోకి వచ్చింది. అంగుళాలనూ నూళ్లనూ (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) విడిచి మిల్లీమీటర్లకు మారాలా వద్దా అన్న ఆలోచన ఈ వారం అసలు పనికంటే ఎక్కువ సమయం తీసుకుంది. ఆదివారం జరిగిన పొరపాటే దానికి మూలం.

ఎత్తు 60 అంగుళాలు అనుకున్నాను. పైదీ కిందిదీ కలుపుకొని అడ్డబల్లలు ఆరు, వాటి నడుమ అరలు ఐదు. ప్లైవుడ్ మందం ముప్పాతిక అంగుళం, అంటే ఆరు నూళ్లు, అని లెక్క వేస్తే బల్లలకు నాలుగున్నర అంగుళాలు పోగా మిగిలిన 55.5ను ఐదుతో భాగించినప్పుడు ఒక్కో అరకు 11.1 అంగుళాలు వచ్చింది. ఆ 0.1కి టేపులో గీత లేదు. అందుకని 11 అంగుళాల ఒక నూలుకు సర్దుకొని, పక్కపలకల లోపల అతికించవలసిన నిలువు పట్టీలను ఆ కొలతకే కోశాను. ఆ ప్రకారం మొత్తం ఎత్తు ఒక నూలు పెరగాలి. జిగురు పూయకముందు పట్టీలనూ బల్లలనూ వరుసగా పేర్చి చూస్తే ఒక నూలు తగ్గింది!

సన్నని కొలతలు తీసే వెర్నియర్ పెట్టి చూశాక విషయం తెలిసింది. బల్ల మందం సరిగ్గా 18 మిల్లీమీటర్లు. ముప్పాతిక అంగుళమంటే 19.05. ఆరు బల్లలకు తేడా 6.3, అంటే రెండు నూళ్లు.

1956లోనే మెట్రిక్ కొలతల చట్టం వచ్చినా, మా జిల్లాలో ఇంటి స్థలాన్ని నేటికీ 72 చదరపు అడుగుల అంకణాల్లోనే బేరమాడతారు. ప్లైవుడ్ దుకాణంలో అయితే ‘ఎయిట్ బై ఫోర్, పద్దెనిమిది ఎమ్మెమ్’ అని అడుగులూ మిల్లీమీటర్లూ ఒకే మాటలో వినిపిస్తాయి. టేకును ఘనపుటడుగుల్లో కొలుస్తారు. సొరుగు జారడానికి తెచ్చిన 18 అంగుళాల ఛానల్ పొడవు 450 మిల్లీమీటర్లు, నిజానికి 18 అంగుళాలంటే 457.2 అయినప్పటికీ. ఇటువంటి చోట అంగుళం పేరుగానే మిగిలింది, కొలతగా దాన్ని నమ్మడానికి లేదు.

అయితే నూలును తేలికగా తీసిపారేయలేను. రంపం తినే సందు సుమారు 3 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక నూలే కనుక, ‘గీతకు నూలు వదిలి కొయ్యండి’ అని వడ్రంగి మేస్త్రి గారు చెబితే చేతికి వెంటనే అర్థమవుతుంది. ఆయనతో మాట్లాడేటప్పుడు నూళ్లలోనే మాట్లాడతాను. బొమ్మ గీయడం, గుర్తు పెట్టడం, కోయడం మాత్రం ఇకపై మిల్లీమీటర్లలోనే. పాత అలవాటు చొప్పున కన్ను అటు పోకుండా టేపులోని అంగుళాల వైపు కాగితపు టేపు అంటించాను. మొదటి రోజే సున్నాకు బదులు 100 గీత నుంచి కొలిచి, ఆ 100 తీసివేయడం మరచి ఒక పట్టీని పాడుచేశాననీ ఇక్కడ రాసి ఉంచాలి.

పక్కపలకల్లో 3 మిల్లీమీటర్లు కోసేస్తే పాత పట్టీలతోనే పని జరిగిపోయేది. కానీ ఏ4 పుస్తకం ఎత్తు 297 మిల్లీమీటర్లు. పాత లెక్క ప్రకారం ఏ అరా 283కు మించదు. అంగుళాల్లో ఆలోచిస్తున్నంతకాలం ఇది నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఎత్తును 1500కు తగ్గించాను. బల్లలకు 108 పోగా 1392 మిగిలింది. పై నాలుగు అరలకు 270 చొప్పున ఇస్తే కింది అరకు 312 వస్తుంది. పాత పట్టీలను 270కి కురచ చేస్తే సరిపోతుంది. 312 పట్టీలను మాత్రం పక్కపలకల నుంచి తీసే 24 మిల్లీమీటర్ల ముక్కలతో చేయడం కుదరదు కాబట్టి, వచ్చే ఆదివారం మళ్లీ దుకాణానికి వెళ్లాలి.