ఫైలు మార్చినా పేజీ మారలేదు: వర్డ్‌ప్రెస్ థీమ్‌తో నా అనుభవం

నేను పనిచేసిపెడుతున్న ఒక సైటులో మొత్తానికి ఇవాళ ప్రతి వ్యాసం కిందా రచయిత ఫొటో, పేరు, పరిచయం కనిపిస్తున్నాయి. వినడానికి చాలా చిన్న పని. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో ఒక టెంప్లేట్ ఫైలు (పేజీ ఎలా కనిపించాలో చెప్పే ఫైలు) తెరిచి నాలుగు లైన్లు చేరిస్తే అయిపోవాలి. అది నన్ను ఎన్ని తిప్పలు పెట్టిందో మర్చిపోకముందే రాసేస్తున్నాను. ఇదే గోతిలో ఇంకొకరు పడకూడదు.

టెంప్లేట్ల సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పాఠకుడు ఒక లింకు నొక్కగానే, అడిగిన పేజీ ఏ రకమో వర్డ్‌ప్రెస్ ముందు తేల్చుకుంటుంది. తర్వాత థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల కట్ట) ఫోల్డర్‌లో దానికి తగిన ఫైలు కోసం వెతుకుతుంది. వ్యాసమైతే ముందు సింగిల్-పోస్ట్, అది లేకపోతే సింగిల్, అదీ లేకపోతే సింగులర్, ఏదీ దొరక్కపోతే ఇండెక్స్. విభాగం పేజీ అయితే కేటగిరీ, ఆర్కైవ్, చివరికి మళ్లీ ఇండెక్సే. హోమ్ అన్న ఫైలు పేరు చూసి అది సైటు మొదటి పేజీ అనుకోవద్దు. అది వ్యాసాల జాబితాకి. మొదటి పేజీకి ఫ్రంట్-పేజ్ అని వేరే ఫైలు ఉంటుంది. ఈ వరస నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. పాత థీమ్‌లలో ఈ ఫైళ్లన్నీ పీహెచ్‌పీలో ఉండేవి. 2022 జనవరిలో వర్డ్‌ప్రెస్ 5.9 వచ్చాక, పేజీని బ్లాకులనే ముక్కలతో కట్టే బ్లాక్ థీమ్‌లు మొదలయ్యాయి. వాటిలో ఇవి టెంప్లేట్స్ అనే ఫోల్డర్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లుగా ఉంటాయి. హెడర్, ఫుటర్ లాంటివి పార్ట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. వెతికే వరస మాత్రం అదే.

నా చేతికి వచ్చింది బ్లాక్ థీమే. సర్వర్‌లోని ఫైళ్లు తెరవడానికి కావలసిన ఎఫ్‌టీపీ వివరాలు సైటు యజమానులు అడగ్గానే ఇచ్చారు. బ్యాకప్ తీసుకున్నాను, టెస్టింగ్ కాపీ పెట్టుకున్నాను. ఇంతకుముందు పనిచేసినాయన చైల్డ్ థీమ్ (అసలు థీమ్‌ని ముట్టుకోకుండా మార్పులు పెట్టుకునే అనుబంధ థీమ్) కూడా పెట్టి వెళ్లాడు. అందులోని సింగిల్ ఫైలులో వ్యాసం బ్లాక్ కింద నాకు కావలసినవి చేర్చి, సేవ్ చేసి, పేజీ రిఫ్రెష్ చేశాను. ఏమీ మారలేదు.

బ్రౌజర్ కాష్, ప్లగిన్ కాష్, సర్వర్ కాష్, అంటే పేజీ త్వరగా రావడానికి దాచిపెట్టుకునే పాత కాపీలు, అన్నీ ఖాళీ చేశాను. ఫైలులో ఉన్నదంతా తీసేసి ‘పరీక్ష’ అన్న ఒక్క మాట పెట్టాను. వ్యాసం పాత రూపంలోనే వచ్చింది. ఫైలు పేరే మార్చేశాను. అయినా పేజీ చెక్కుచెదరలేదు. ఫైలే లేకపోయినా పేజీ ఎలా వస్తోందో అర్థం కాక బుర్ర తిరిగిపోయింది.

థీమ్ అమ్మిన కంపెనీ సపోర్ట్‌కి స్క్రీన్‌షాట్లతో సహా వివరంగా రాశాను. కాష్ క్లియర్ చేయండి అని జవాబు. చేశానని రాస్తే, ఇంకోసారి చేయండి అన్నారు. మూడో జవాబు మాత్రం నాకొక్కడికే రాలేదు, సైటు యజమానులకి కూడా కాపీ పెట్టారు. మా థీమ్‌లో లోపం లేదు, మీ డెవలపర్‌కి టెంప్లేట్ల మీద ప్రాథమిక శిక్షణ అవసరం అని అందులో ఉంది. ఆ మధ్యాహ్నం యజమానుల దగ్గర్నుంచి ఫోన్. “ఏమండీ, ఈ పని మీకు వచ్చు కదా?” అని మర్యాదగానే అడిగారు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ కోసింది. ఇన్నేళ్లు ఇదే పని చేస్తున్నవాణ్ణి, ఫోన్‌లో వాళ్లకి నా అర్హతలు చెప్పుకోవాల్సి వచ్చింది. డబ్బు తీసుకుని సపోర్ట్ ఇచ్చేవాళ్లు, సమస్య చదవకుండా ఎదుటివాడి పరువు తీయడం ఏం పద్ధతి? తెలియకపోతే తెలియదని చెప్పాలి. అందులో తప్పేమీ లేదు.

దారి చూపింది ఆ వెతికే వరసే. సింగిల్‌ను పక్కన పెట్టి సింగిల్-పోస్ట్ అనే కొత్త ఫైలు పెట్టి చూశాను. వెంటనే పనిచేసింది! అంటే వర్డ్‌ప్రెస్ నా ఫోల్డర్‌ని చదువుతూనే ఉంది. సింగిల్ అన్న పేరు దగ్గర మాత్రమే దానికి ఇంకోచోటి నుంచి టెంప్లేట్ అందుతోంది. కాష్ గొడవే అయితే ఈ తేడా రాదు.

ఆ ఇంకోచోటు డేటాబేస్, అంటే సైటు తన సమాచారాన్ని పట్టికలుగా దాచుకునే చోటు. బ్రౌజర్‌లోనే డిజైన్ మార్చుకునే సైట్ ఎడిటర్‌లో టెంప్లేట్‌ని మార్చి సేవ్ నొక్కితే ఆ మార్పు ఫైలులోకి వెళ్లదు. వ్యాసాలుండే పోస్ట్స్ టేబుల్‌లోనే, డబ్ల్యూపీ_టెంప్లేట్ అనే రకంగా ఒక కొత్త రికార్డు చేరుతుంది. ఒకే పేరుతో రెండూ ఉంటే గెలిచేది డేటాబేస్‌దే. దాని తర్వాత చైల్డ్ థీమ్ ఫైలు, ఆ తర్వాతే పేరెంట్ (అసలు) థీమ్ ఫైలు. ఇంతకుముందాయన అంతా ఎడిటర్‌లోనే చేసి, ఎక్కడా ఒక్క ముక్క రాసిపెట్టకుండా వెళ్లిపోయాడు. రెండు లైన్ల నోట్ ఉంటే నాకు ఈ అవమానం ఉండేది కాదు.

మీకూ ఇలా జరిగితే సైట్ ఎడిటర్‌లో టెంప్లేట్స్ జాబితా తెరవండి. ఆ టెంప్లేట్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే రీసెట్ అని కనిపిస్తోందా? అయితే దాని కాపీ డేటాబేస్‌లో ఉన్నట్టే. కానీ ఆత్రంగా రీసెట్ నొక్కేయకండి. అసలు డిజైన్ అందులోనే ఉండి, ఫైలులో ఉన్నది ఎప్పటిదో పాతది కావచ్చు. ఇక్కడ అంతే అయింది. నేను ఎడిటర్‌లో కోడ్ వ్యూ తెరిచి మొత్తం కాపీ చేసి, సింగిల్ ఫైలులో పెట్టి, నా బ్లాకులు చేర్చి, అప్పుడు రీసెట్ చేశాను. పరీక్ష కోసం పెట్టిన సింగిల్-పోస్ట్ తీసేశాను. టెంప్లేట్లు చాలా ఉంటే క్రియేట్ బ్లాక్ థీమ్ అనే ప్లగిన్ డేటాబేస్‌లోని మార్పుల్ని ఫైళ్లలోకి దించిపెడుతుంది. థీమ్ మార్చగానే డిజైన్ మాయమైందని కంగారు పడేవాళ్లకి కూడా ఒక మాట: ఆ డేటాబేస్ కాపీ ఏ థీమ్‌లో ఉండగా చేశారో ఆ థీమ్ పేరుతోనే ముడిపడి ఉంటుంది. పాత థీమ్‌కి వెనక్కి వెళ్తే మళ్లీ కనిపిస్తుంది.

యజమానులకి ఆ సింగిల్-పోస్ట్ పరీక్ష ఎదురుగా చేసి చూపించాను. సపోర్ట్ వాళ్లకి కూడా కారణం వివరంగా రాసి, వాళ్లు చేసినట్టే అందరికీ కాపీ పెట్టాను. జవాబు రాలేదు.

హెడర్ మాత్రం ఇంకా డేటాబేస్‌లోనే ఉంచాను. అందులోని మెనూ బ్లాక్ ఒక నంబరుతో డేటాబేస్‌లోని మెనూని పిలుస్తుంది. ఆ కోడ్‌ని అలాగే ఫైలులోకి తెచ్చి వేరే సైటులో పెడితే, ఆ నంబరు మీద అక్కడ మెనూ ఉండదు. ముందు టెస్టింగ్ కాపీలో దాని సంగతి తేల్చి, తర్వాత అసలు సైటులో చేస్తాను.