మూడు కాస్తా నాలుగైంది: మా ఇంటి డెస్క్‌టాప్‌లో లాన్ పోర్టు పేరు గొడవ

సత్యనారాయణపురంలో మా ఇంటి హాల్లో, బీరువా పక్కన ఒక పాత డెస్క్‌టాప్ ఉంటుంది. అందులో డెబియన్ 12 అనే లైనక్స్ వేశాను. నాన్న దాచుకున్న క్యాసెట్లను ఆడియో ఫైళ్లుగా మార్చి టీవీకి అందించడమే దాని పని. ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజనిని ఆయన ఏళ్ల తరబడి పొద్దున్నే లేచి టేప్‌రికార్డర్‌లో ఎక్కించుకున్నారు, ఆ క్యాసెట్లు పాడైతే నాకు మళ్లీ ఎక్కడా దొరకవు, అందుకే ఈ పని నాకు చాలా ముఖ్యం. ఇప్పటికి 64 క్యాసెట్లు పూర్తయ్యాయి.

హార్డ్ డిస్క్ నిండిపోతోందని పోయిన శనివారం ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్) కొన్నాను. మా బోర్డుకి దాన్ని నేరుగా గుచ్చే ఎం.2 స్లాట్ లేదు కాబట్టి దాన్ని పీసీఐఈ అడాప్టర్ కార్డులో పెట్టి, అదనపు కార్డులు పెట్టే పీసీఐఈ స్లాట్ ఒకటి ఖాళీగా ఉంటే అందులో బిగించాను. ఆన్ చేస్తే కొత్త డిస్క్ వెంటనే కనిపించింది, నెట్ మాత్రం పోయింది.

ఆదివారం పొద్దున ఆరింటికే నాన్న, "ఏరా, టీవీలో పాటలు రావట్లేదేంటి?" అన్నారు. "చూస్తున్నా నాన్నా" అని కేబుల్ మార్చాను, రౌటర్‌లో ఇంకో పోర్టుకి పెట్టాను, రౌటర్ ఆపి ఆన్ చేశాను. ఏం లేదు. డెస్క్‌టాప్ వెనక నెట్ కేబుల్ గుచ్చే లాన్ పోర్టు దగ్గర ఎప్పుడూ వెలిగే పచ్చ లైటు కూడా లేదు. సోమవారం సీపీయూ మోసుకుని గవర్నర్‌పేటలో ఒక షాపుకి తీసుకెళ్తే అతను లైటు చూసి, "పోర్టు కాలిపోయింది సార్, యూఎస్‌బీ లాన్ అడాప్టర్ పెట్టేసుకోండి" అన్నాడు. కొనుక్కొచ్చి పెట్టాను. దాంతోనూ నెట్ రాలేదు.

నా ఆలోచన మారింది ఇక్కడే. పాత పోర్టు పోయిందంటే సరే, ఇప్పుడే కవర్ చింపి తీసిన అడాప్టర్ కూడా పోయిందంటే నమ్మబుద్ధి కాలేదు. అప్పటిదాకా కేబుల్ వెంట, లైటు వెంట పడ్డానే తప్ప సిస్టమ్‌కి ఏం కనిపిస్తోందో అడగనేలేదు. మానిటర్ తగిలించి ఐపీ లింక్ అని కొట్టాను, సిస్టమ్‌కి కనిపించే నెట్ పోర్టుల (ఇంటర్‌ఫేస్‌ల) పేర్లు చూపించే కమాండ్ అది. మూడు వరసలు వచ్చాయి. మొదటిది ఎప్పుడూ ఉండే ఎల్ఓ, కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకోవడానికి. రెండోది ఈఎన్‌పీ4ఎస్0, స్టేట్ డౌన్. మూడోది యూఎస్‌బీ అడాప్టర్, ఈఎన్‌ఎక్స్ అని మొదలై తర్వాత దాని మ్యాక్ అడ్రస్‌లోని (ప్రతి లాన్ చిప్‌కి ఉండే గుర్తింపు నంబరు) 12 అక్షరాలు. మొత్తం 15, లైనక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరుకి ఉన్న గరిష్ఠ పొడవు సరిగ్గా అంతే.

రెండో వరస మీదే కళ్లు ఆగిపోయాయి. నేను స్టాటిక్ ఐపీ (ఈ మెషిన్‌కి మారని నెట్‌వర్క్ చిరునామా) రాసుకున్నది /ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో, అక్కడ ఉన్న పేరు ఈఎన్‌పీ3ఎస్0. ఇక్కడ ఉన్నది 4. అంటే బూట్ అయినప్పుడల్లా సిస్టమ్ లేని 3 కోసం వెతికి ఊరుకుంటోంది, ఉన్న 4ని ఎవరూ లేపట్లేదు. ఈ మెషిన్‌లో పోర్టులను తనంతట తానే నడిపే నెట్‌వర్క్‌మేనేజర్ వేయలేదు కాబట్టి కొత్త అడాప్టర్‌ని కూడా పట్టించుకునేవాళ్లు లేరు. సుడో ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ4ఎస్0 అప్ అని కొట్టి, టార్చ్ పట్టుకుని వెనక్కి వంగి చూశాను. రెండు మూడు సెకన్లు చీకటి, తర్వాత పచ్చ లైటు వెలిగింది, పక్కన నారింజ రంగుది టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ప్రాణం లేచొచ్చింది. ఇంటర్‌ఫేస్ డౌన్‌లో ఉంటే ఈ రియల్‌టెక్ చిప్ డ్రైవర్ పోర్టుని నిద్రపుచ్చుతుంది, లైటు లేకపోవడానికి కారణం అదే. షాపతను లైటు చూసి చెప్పాడు కాబట్టి అతన్నీ తప్పుపట్టలేను.

ఇంతకీ 3 ఎందుకు 4 అయింది? ఈఎన్ అంటే ఈథర్‌నెట్, పీ తర్వాతి అంకె పీసీఐ బస్ (కార్డులు, చిప్‌లు బోర్డుతో మాట్లాడే దారి) నంబరు, ఎస్ తర్వాతిది ఆ బస్ మీద స్లాట్ నంబరు. బస్ నంబర్లు బూట్ అయ్యేటప్పుడు వరసగా పడతాయి. రేషన్ క్యూ మధ్యలో ఒక మనిషి చేరితే వెనకవాళ్ల వరస మారినట్టు, నా కొత్త కార్డు లాన్ చిప్ కంటే ముందు చేరి దాన్ని ఒక అంకె వెనక్కి నెట్టింది. వాటి జాబితా చూపించే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టి చూస్తే 03:00.0 దగ్గర కొత్త డిస్క్, 04:00.0 దగ్గర లాన్. ఇంకో సంగతి, ఎల్‌ఎస్‌పీసీఐ హెక్స్‌లో (9 తర్వాత ఏ, బీ అని వెళ్లే లెక్కలో) చూపిస్తుంది, పేరులో వచ్చేది మామూలు అంకె, కాబట్టి అక్కడ 0ఏ అని ఉంటే పేరు ఈఎన్‌పీ10ఎస్0 అవుతుంది.

ఇదివరకు అన్నీ ఈత్0, ఈత్1 అనే ఉండేవి. రెండు కార్డులుంటే ఏ డ్రైవర్ ముందు లోడైతే దానికి 0, ఒక్కోసారి రీబూట్ చేస్తే తారుమారు. 2013లో సిస్టమ్‌డీ (లైనక్స్‌లో మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టి నడిపేది) 197తో ఈ కొత్త పద్ధతి వచ్చింది. కార్డు చెడిపోయి అదే స్లాట్‌లో కొత్తది పెడితే పేరు మారకుండా ఉంటుంది, సర్వర్లు నడిపేవాళ్లకి అది నిజంగా మేలు. నా విషయంలో లాన్ చిప్ అదే, దాని బస్ నంబరు జరిగింది. బోర్డు బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) లాన్ చిప్‌కి ఆన్‌బోర్డ్ నంబరు చెప్పి ఉంటే ఈఎన్‌ఓ1 అని వచ్చి ఈ బాధే ఉండేది కాదు, మా బోర్డు చెప్పదు.

సోమవారం రాత్రి ఫైల్లో 3 తీసి 4 రాసి రీబూట్ చేశాను, నెట్ వచ్చింది, టీవీలో మాత్రం పాటల ఫోల్డర్ లేదు. పాటలను టీవీకి అందించే మినీడీఎల్‌ఎన్‌ఏ ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో కూడా పాత పేరే ఉంది. అందుకే పేరు మారితే ముందు సెట్టింగ్స్ ఫైళ్లుండే /ఈటీసీ మొత్తంలో గ్రెప్‌తో (ఫైళ్లలో పదాలు వెతికే కమాండ్) పాత పేరు వెతకండి. నాకు ఫైర్‌వాల్ రూల్స్‌తో కలిపి మూడు చోట్ల దొరికింది. మూడూ మార్చాక టీవీలో ఫోల్డర్ వచ్చింది.

కానీ రేపు ఇంకో కార్డు పెడితే మళ్లీ ఇదే కథ. పాత ఈత్0 పద్ధతికి వెళ్లడానికి నెట్.ఐఎఫ్‌నేమ్స్=0 అని గ్రబ్‌లో (లైనక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) పెట్టేయమని చాలామంది చెప్తారు, ఒకే లాన్ ఉన్నవాళ్లకి అది చాలు, నా దగ్గర ఇప్పుడు రెండు ఉన్నాయి కాబట్టి పాత తారుమారు సమస్యలోకి వెళ్లదలచుకోలేదు. మంగళవారం /ఈటీసీ/సిస్టమ్‌డీ/నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఏ కార్డుకి ఏ పేరో చెప్పే ఒక లింక్ ఫైల్ రాశాను. మ్యాచ్ సెక్షన్ కింద పర్మనెంట్‌మ్యాక్అడ్రెస్= అని నా లాన్ చిప్ మ్యాక్, లింక్ సెక్షన్ కింద నేమ్=ఇల్లు0. ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఈత్0 అనే పేరు మాత్రం పెట్టొద్దు, బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ (లైనక్స్‌లో అసలు భాగం) తనంతట తానే ఆ పేరు ఏదో ఒక కార్డుకి ఇస్తుంది, రెండూ గుద్దుకుంటాయి.

రీబూట్ చేస్తే పేరు మారలేదు. గంటన్నర పట్టింది కారణం తెలియడానికి. కార్డు వివరాలు చూపించే యూడెవ్‌ఏడీఎమ్ ఇన్‌ఫో కమాండ్ కొట్టి చూస్తే ఐడీ_నెట్_లింక్_ఫైల్ అనే వరసలో నా ఫైల్ కాకుండా 99-డీఫాల్ట్.లింక్ ఉంది. సిస్టమ్ ఈ ఫైళ్లను పేర్ల వరసలో చదివి, మొదట సరిపోయిన దాంతో ఆపేస్తుంది. నేను పెట్టిన పేరు ఇల్లు0.లింక్, అక్షరంతో మొదలైంది, అంకెలు అక్షరాలకంటే ముందు వస్తాయి, కాబట్టి 99 ముందే గెలిచేసింది. 10-ఇల్లు0.లింక్ అని మార్చాను. ఇంకొకటి, డెబియన్‌లో ఈ ఫైళ్ల కాపీ ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌లోకి (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైళ్ల మూట) కూడా వెళ్తుంది, అందుకని దాన్ని కొత్తగా తయారుచేసే అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ -యూ కూడా కొట్టి, మూడు చోట్లా ఇల్లు0 అని రాసి, అప్పుడు రీబూట్ చేశాను. ఈసారి వచ్చింది.

బుధవారం కావాలనే కొత్త డిస్క్ కార్డు ఊడదీసి ఆన్ చేశాను, ఇల్లు0. ఇంకో స్లాట్‌లో పెట్టి చూశాను, అప్పుడూ ఇల్లు0. ఎల్‌ఎస్‌పీసీఐలో బస్ నంబరు మారుతోంది, పేరు మారట్లేదు.

గురువారం పొద్దున ఆరింటికి టీవీలో పాట వినిపించి లేచాను, నాన్న అప్పటికే కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. యూఎస్‌బీ అడాప్టర్‌ని ల్యాప్‌టాప్‌కి వాడుకుంటున్నాను. పాత డిస్క్‌లోంచి ఫైళ్లు కొత్త దానికి కాపీ అవుతున్నాయి, అది అయ్యాక 65వ క్యాసెట్ మొదలుపెట్టాలి, దాని టేపు ఒకచోట ముడతపడి ఉంది, ముందు దాన్ని సరిచేయాలి.