పాటుకి చిక్కిన పడవ

శ్రీకాకుళం జిల్లా భావనపాడు ఉప్పుటేట్లో మా పడవ ముందు నెమ్మదించింది, తర్వాత అడుగున మెత్తగా ఏదో రాసుకుంది, ఇక కదల్లేదు. పడవ నడిపే తాత ఇంజిను ఆపేసి గెడ దింపి చూశాడు. మోకాలి లోతు కూడా లేదు. "సెప్పేనా మాస్టారూ, పదింటికే తిరగాలని," అన్నాడు. మాస్టారు ఫోన్‌లో విశాఖ పోటుపాట్ల ఛార్టు, అంటే సముద్రం పొంగే పోటు, తీసే పాటు ఏ వేళకో చెప్పే పట్టిక, మళ్ళీ తెరిచారు.

ఆలస్యం మాదే. బీయస్సీ జువాలజీ వాళ్ళం పద్నాలుగు మందిమి. ముందు రోజు తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్ళు లెక్కబెట్టాం. ఊళ్ళో ఇళ్ళ మధ్య చింతచెట్ల మీద గూడబాతులూ (పెలికాన్లు) ఎర్రకాళ్ళ కొంగలూ పిల్లల్ని సాకుతుంటే, ఊరివాళ్ళు పురుటికొచ్చిన ఆడపడుచుల్ని చూసుకున్నట్టు చూసుకుంటారు. రాకపోతే ఆ ఏడు మంచిది కాదంటారు. అందరూ సైబీరియా పక్షులంటారు గానీ, ఈ మచ్చల ముక్కు గూడబాతుకి సైబీరియా ముఖమే తెలీదు. దక్షిణాసియాలోనే పుట్టి ఇక్కడిక్కడే తిరుగుతుంది. ఈ మాట మాస్టారు అనగానే అక్కడున్న పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. దూరం నుంచొచ్చిన చుట్టమంటేనే కదా మర్యాద ఎక్కువ.

ఆ పిల్లలకి చేపలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దామని ఈ రోజు పడవెక్కాం. నౌపడ ఉప్పు మళ్ళు దాటి వచ్చి, తొమ్మిదింటికి బయల్దేరాం. గూడబాతులు పదీ పన్నెండు అర్ధచంద్రంగా చేరి చేపల్ని ఒడ్డు వైపు తోలి, ఒక్కసారిగా ముక్కులు ముంచుతున్నాయి. పైకెత్తినప్పుడు ముక్కు కింది సంచి అంచుల్నుంచి నీళ్ళు కారతాయి, లోపల చేప కొట్టుకోవడం బయటికి కనిపిస్తుంది. ఇంకో అరగంట, ఇంకో అరగంట అంటూ ఉండిపోయాం.

ఛార్టు ప్రకారం పన్నెండుకి పోటు మొదలవ్వాలి. పన్నెండున్నరైనా నీళ్ళు దిగిపోతూనే ఉన్నాయి. "మొగ ఇరుకు బాబూ. సముద్రం తిరిగినా ఏరు తిరగడానికి టైమడతాది. కాయితంలో ఏరుంటాదేటి?" అన్నాడు తాత. మొగంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో పిక్కల దాకా దిగబడుతూ, ఎదురుగా కనిపించిన ఇసక దిబ్బ మీదికి నడిచాం. నా కుడి చెప్పు ఇప్పటికీ అక్కడే ఎక్కడో ఉంది.

దిబ్బ మీద సరుగుడు చెట్లూ కొన్ని ఇళ్ళూ ఉన్నాయి. ఒకవైపు సముద్రం, మిగతా రెండు వైపులా ఏరు. పోటు వేళ ఊళ్ళోకి రావాలంటే పడవే. మమ్మల్ని చూసి ఒకావిడ నవ్వింది. "పాటుకి దొరికిపోనారేటి? రండమ్మా, దాహం కదా," అంటూ ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది.

అక్కడ కుళాయేమీ లేదు. ఇసకలో మూరెడు లోతు గుంట తీసి, ఊరిన నీళ్ళని కొబ్బరి చిప్పతో పైపైన తీసి బిందెలో పోసింది. సముద్రానికి అంత దగ్గర్లో తియ్యటి నీళ్ళు! వాన నీళ్ళు ఇసకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయట. ఇది మేం పుస్తకంలో చదివిందే, పరీక్షలో బొమ్మ కూడా వేశాను. నేను ఉత్సాహంగా చిప్ప లోతుగా ముంచబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అడుగు కలపకమ్మా, ఉప్పెక్కిపోద్ది. మళ్ళీ సందేళ దాకా ఆగాల."

వాళ్ళాయన గుజరాత్‌లో, వేరావల్‌లో. ఆగస్టులో వెళ్తే వేసవికి గానీ రాడు. ఇక్కడి వేటతో ఇల్లు గడవదంటుంది. అలా వేరావల్ నుంచి వేటకెళ్ళి 2018లో పాకిస్తాన్‌వాళ్ళకి చిక్కిన మన జాలర్లు 2020 జనవరిలో వాఘా దాటేదాకా ఈ పేటలో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదట. తిత్లీ తుపాను కూడా ఆ 2018లోనే, అక్టోబరులో. "గాలి ఒక రాత్రే. ఆళ్ళ కోసం సూడ్డం ఏడాది దాటింది," అంది, నెత్తళ్ళ చేపలు ఆరబెట్టిన వల మీద కాకిని అదిలిస్తూ.

దూరంగా మూలపేట పోర్టు పనుల వైపు నుంచి లారీల మోత వినిపిస్తోంది. శంకుస్థాపన 2023లో అయింది. దాని గురించి అడిగితే, "మా గుంటడికి ఉద్యోగం ఇస్తారా?" అని మమ్మల్నే అడిగింది. మేం పోర్టువాళ్ళం కాదని చెప్పాక కూడా అంతా నమ్మినట్టు లేదు.

రెండున్నరకి తాత కేకేశాడు. పడవ దానంతటదే లేచి, తాడు బిగిసేలా అటూ ఇటూ ఊగుతోంది. ఎక్కేటప్పుడు ఆవిడ ఎండు నెత్తళ్ళు కవరులో కట్టి మాస్టారి చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. బస్సులో ఆ వాసనకి ముందు సీట్లవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. కండక్టరు మాత్రం టిక్కెట్లు కొడుతూ మా దగ్గరే ఆగి, "భావనపాడువేనా? కేజీ ఎంత పడింది మాస్టారూ?" అన్నాడు.