గేటు దగ్గర నిలబడే వాళ్ళకి ఖలీ ఎందుకు నచ్చుతాడంటే

టీవీ కుస్తీల్లో కనిపించే ఆ భారీ మనిషి గ్రేట్ ఖలీకి కుస్తీ రాదు అనేవాళ్ళు మా గాజువాకలో వీధికొకడు ఉంటాడు, దుబాయ్‌లో మా రూమ్‌లో అయితే మంచానికొకడు. నడవలేడు, కిందపడితే లేవలేడు, చేత్తో నెత్తి మీద ఒక్కటి కొట్టడం తప్ప ఏటీ రాదు అంటారు. సరే, నిజమే అనుకుందాం. మరి ఆ రానివాడు అమెరికాలో అన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చాడు అన్నది ఎవడూ ఆలోచించడు, నేను ఆలోచిస్తాను, ఎందుకంటే నాకూ ఒళ్ళు చూసే ఉద్యోగం ఇచ్చారు. ఆరడుగుల మూడంగుళాలు ఉన్నానని ఏజెంటు నా సర్టిఫికెట్లు కూడా తిప్పి చూడకుండా సెక్యూరిటీకి రాసేశాడు, ఐటీఐ ఫిట్టర్ చదివింది గోడకి వేలాడుతూ ఉంది.

ఖలీ అసలు పేరు దలీప్ సింగ్ రాణా, 1972లో హిమాచల్‌లో సిర్మౌర్ జిల్లా ధిరైనా అనే ఊళ్ళో పుట్టాడు. ఇంట్లో లేమి, చిన్నప్పుడే కూలి పనులకి వెళ్ళాడు, తర్వాత సిమ్లాలో సెక్యూరిటీ గార్డు. అవును, మా లైనే. అక్కడ ఓ పంజాబ్ పోలీసు అధికారి కంట్లో పడి 1993లో పోలీసు ఉద్యోగం, ఆ తర్వాత బాడీ బిల్డింగు, అక్కణ్ణించి 2000లో కాలిఫోర్నియాలో హేవర్డ్ అనే ఊళ్ళో రెజ్లింగ్ ట్రైనింగు, ఆ ఏడే జెయింట్ సింగ్ పేరుతో మొదటి మ్యాచు, తర్వాత జపాన్. 2006లో డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా కుస్తీ షోల కంపెనీలోకి వచ్చీరాగానే వాళ్ళ పేరుమోసిన రెజ్లర్ అండర్‌టేకర్‌ని పడగొట్టించారు. పడగొట్టించారు అనే అంటున్నా, ఎవడు గెలవాలో ముందే రాసుంటుంది కదా, అది తెలియనోడు ఇప్పుడెవడూ లేడు.

నాకు ఆసక్తి కలిగించేది ఆ రాతే. మొదట్లో అతన్ని భయపెట్టే పరాయి దేశపోడిగా చూపించారు, మాట్లాడనివ్వరు, పక్కన ఇంకొకడు మాట్లాడతాడు. 2007 జూలైలో టెక్సాస్‌లోని లారెడోలో ఇరవై మంది ఒకేసారి రింగులో దిగి చివరికి మిగిలినోడు గెలిచే బాటిల్ రాయల్ గెలిపించి వరల్డ్ హెవీవెయిట్ బెల్టు ఇచ్చారు, సెప్టెంబర్లో బాటిస్టా అనే ఇంకో రెజ్లర్ చేతిలో ఓడించి తీసేసుకున్నారు. మరుసటి ఏడాదికల్లా పంజాబీ ప్లేబాయ్ అని పేరు పెట్టి డాన్సులు, ముద్దులు, జోకులు. నిన్నటిదాకా రాక్షసుడు, ఇవాళ బఫూన్. అతన్ని అడిగి మార్చారో లేదో నాకు తెలీదు గానీ మమ్మల్నైతే ఎవరూ అడగరు. మొన్నటిదాకా టవర్ లాబీలో నవ్వకు, కోటు గుండీ పెట్టుకుని తలుపు పక్కన నిలబడు అన్నారు, తర్వాత మాల్‌కి మార్చి పిల్లలొస్తే నవ్వు, ఫోటో అడిగితే నిలబడు అంటున్నారు. ఒళ్ళు అదే, జీతం అదే, పన్నెండు గంటలు నిలబడే కాళ్ళూ అవే. నా సైజు బూట్లు స్టోర్‌లో ఉండవు, సొంత డబ్బుతో కొనుక్కోవాలి, ఆ సంగతి కాంట్రాక్టులో రాయరు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. ఖలీ ఏడడుగుల ఒక అంగుళం ఎత్తు ఊరికే వచ్చింది కాదు, అక్రోమెగాలీ అనే జబ్బు, మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉంటే గ్రోత్ హార్మోన్ ఆగకుండా ఊరుతుంది, చేతులు పాదాలు దవడ పెరుగుతూనే ఉంటాయి, కీళ్ళు అరుగుతాయి. 2012లో పిట్స్‌బర్గ్‌లో ఆపరేషన్ చేసి ఆ గడ్డ తీశారు. ఏ ఒంటిని చూసి ఉద్యోగం ఇచ్చారో ఆ ఒంటిలోనే జబ్బు. నడవలేడని నవ్వేవాళ్ళకి ఇది చెప్తే కాసేపు నోరు మూస్తారు, మళ్ళీ మొదలెడతారు.

మన దగ్గరా ఒళ్ళే పెట్టుబడిగా బతికినోళ్ళు లేకపోలేదు, విశాఖ బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి గారి విగ్రహం ఉంది కదా, వీరఘట్టం మనిషి, విజయనగరంలో వ్యాయామం మాస్టారుగా చేసి సర్కస్ పెట్టి గుండె మీదకి ఏనుగునెక్కించుకున్నాడు. కాకపోతే ఆయన సర్కస్ ఆయనదే, ఏం చెయ్యాలో ఆయనే అనుకున్నాడు. ఖలీకి ఆ వీలు ఆలస్యంగా వచ్చింది, 2014లో కంపెనీ వదిలేసి 2015లో జలంధర్‌లో సొంత రెజ్లింగ్ స్కూలు పెట్టాడు, 2021లో ఆ కంపెనీవాళ్ళే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి మనోళ్ళు ఆటో కొనుక్కుంటారు, లేపోతే కిరాణా కొట్టు పెడతారు, అతను తనకొచ్చిన పనే పదిమందికి నేర్పుతున్నాడు. మ్యాచుల కంటే నాకు ఇదే నచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే సెలవుకి ఇంటికొచ్చేసరికి మా అక్క కొడుకు జిమ్ముకెళ్తూ నా అంత ఎత్తు పెరిగి కూర్చున్నాడు. 2023లో హైదరాబాద్ గచ్చిబౌలిలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగి జాన్ సీనా వచ్చాడు కదా, అప్పట్నుంచి జలంధర్ వెళ్తానని ఒకటే గోల.

"మావయ్యా, నువ్వు చెప్తే అమ్మ వింటాది" అంటాడు.

అక్క నన్ను చూసి, "ఒరే, నువ్వు దుబాయ్ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డావు, ఈడు పంజాబ్ వెళ్ళి తన్నులు తింటాడా, కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే కట్టించు ముందు" అంది.

కానిస్టేబుల్‌కి 167.6 సెంటీమీటర్లుంటే చాలు, ఆ విషయంలో వాడికి బెంగ లేదు, పదహారు వందల మీటర్ల పరుగే కష్టం. పొద్దున్నే బీచ్ రోడ్డులో పరిగెడుతున్నాడు, సాయంత్రం మళ్ళీ జిమ్ము. కానిస్టేబుల్ అయ్యాకే జలంధర్ వెళ్తాడట, ఖలీ కూడా ముందు పోలీసే కదా అని వాడి వాదన. దానికి అక్క ఇంకా ఏమీ అనలేదు.