గొట్టంలో తాటిమొక్క: ఈసారి అడుగున ఏం జరిగిందంటే

తాటిమొక్కల కోసం టెంకలు పాతిన గొట్టాలను సంక్రాంతికి విప్పి చూస్తే, ఒక్కటి తప్ప అన్నింటిలోనూ తేగ అడుగున కుళ్లిపోయి ఉండడం చాలా నిరాశ కలిగించింది. కానుగ, నేరేడు మొక్కలు మాత్రం చక్కగా వచ్చాయి, బడిపిల్లలు పట్టుకెళ్లి నాటారు కూడా. నరసన్నపేట చుట్టుపక్కల చెరువుగట్ల మీద కొట్టేసిన తాటిచెట్ల స్థానంలో మళ్లీ తాటిచెట్లే లేవాలన్నది నా పట్టుదల. గిజిగాళ్లూ, తాటాకు అడుగున గూడు పెట్టే చిన్న పిట్టలూ కానుగకొమ్మతో సరిపెట్టుకోలేవు.

టెంక నుంచి మొలక పైకి రాకుండా తేగగా భూమిలోకి దిగి, ఆ కొసనుంచి ఆకు తరువాతెప్పుడో పైకి వస్తుంది కాబట్టి, మామూలు నర్సరీ సంచి దీనికి పనికిరాదు. అందుకే 4 అంగుళాల పీవీసీ గొట్టాన్ని రెండడుగుల ముక్కలుగా కోసి, అడుగున గోనెపట్టా కట్టి, రెండు పాళ్లు చెరువు ఒండ్రు, ఒక పాలు వంశధార ఇసుక, ఒక పాలు పశువుల ఎరువు కలిపి నింపాను. గొట్టాలకు నా ఓటు సుధాకర్ పైపుకే, రంపంతో కోసినా అంచు పగలలేదు. వాటికి బదులు వాడి చూసిన వెదురు బొంగులు మాత్రం వానకు నాని, ఎండకు చీలిపోయాయి.

తేగ 22 అంగుళాలు తిన్నగా దిగి, గోనెపట్టా తగలగానే పక్కకు తిరిగి, మరో రెండు మూడు అంగుళాలు అడుగంటా పాకింది. ఆ వంకర దగ్గర నుంచి కొస వరకు గోధుమరంగుకు తిరిగి, వేలితో నొక్కితే నీరు కారి పులిసిన వాసన వచ్చింది. దానికి జానెడు పైన తేగ తెల్లగా, గట్టిగా ఉంది. టెంక పగలగొడితే లోపల మొలకకు ఆహారమిచ్చే బుర్రగుంజు ఇంకా మిగిలే ఉన్నందున ఆహారం చాలక చచ్చిందనుకోవడానికి వీల్లేదు. పైన నాలుగంగుళాల మట్టి పొడిగా ఉంటే, అడుగు మట్టి మాత్రం పిడికిట పడితే ముద్దయింది.

గొట్టం వేడెక్కడం కారణమేమో అనుకున్నాను గాని, నీడపట్టున ఉంచినవీ అలాగే కుళ్లాయి. నా అనుమానమంతా నీటి మీదే ఉంది: సన్నని గొట్టంలో నీరు కిందికి దిగుతుంది గాని, దాన్ని లాక్కునే నేల కింద లేకపోవడంతో చివరి అంగుళాలలో నిలిచిపోతుంది, మెత్తని ఒండ్రు దాన్ని మరింత పట్టి ఉంచుతుంది. గోనె చిరిగి నేలకు ఆనిన ఒక్క గొట్టంలో తేగ మట్టిలోకి దూసుకుపోయి ఆరోగ్యంగా ఉండడం ఈ అనుమానాన్ని బలపరుస్తోంది. అయితే గొట్టం ఎత్తగానే ఆ తేగ పుటుక్కున విరిగిపోయింది. కొబ్బరి పొట్టు కలపమని కొందరు సలహా ఇస్తున్నారు, కాని నీటిని పట్టి ఉంచే పదార్థాన్ని ఇక్కడ వాడడం నాకు సమ్మతం కాదు.

వచ్చే భాద్రపదానికి గొట్టాన్ని మూడడుగులు చేసి, సగానికి పైగా ముతక ఇసుక కలిపి, అడుగెత్తు ఇసుక పరుపు మీద నిలబెడతాను. దానితోపాటే టెంకలను నేరుగా పిల్లల చేతికిచ్చి, చెరువుగట్టు మీద పదేసి అడుగుల దూరంలో పాతించాలని ఉంది. ఆడదో మగదో చూసి ఏరుకోవడం పూతకు వచ్చేదాకా కుదరదు గనుక ప్రతి గుంటలో రెండేసి వేయించి, బలమైనదాన్ని ఉంచుతాం. తేగలు తినడానికి పాతర వేరే చోట వేసుకోమని, గట్టు మీది గడ్డికి నిప్పు పెట్టవద్దని ముందుగానే ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో వలసపక్షుల గూళ్లను కాపాడుతున్నది ఊరివాళ్లే కాబట్టి, ఇక్కడా ఒప్పిస్తే వింటారని నా నమ్మకం. టెంకలు ఏరడానికి నాతో వచ్చేవారు శ్రావణం చివర్లో గోనెసంచులు తెచ్చుకుంటే చాలు.