ఎర్ర సిరాలో 19

మా పక్కవాటా కుర్రాడు నేను సేకరించిన పాత ఉత్తరాల ఆల్బమ్ తిరగేస్తూ "ఏంటి బాబాయ్, దీనిమీద స్టాంపే లేదు, దీనికీ డబ్బులు పెట్టారా?" అన్నాడు. స్టాంపు లేకపోవడంలోనే మజా ఉందని వాడికి చెప్పాలంటే లెక్కల్లోకి దిగాలి.

1849లో అమల్లోకొచ్చిన అమెరికా-బ్రిటన్ తపాలా ఒప్పందం ప్రకారం అర ఔన్సు ఉత్తరానికి 24 సెంట్లు, అందులో అమెరికా లోపలి రవాణాకి 5, సముద్రానికి 16, బ్రిటన్ లోపల మోసినందుకు 3. ఓడ ఎవరిదైతే ఆ 16 వాళ్లకే. నా దగ్గరున్నది న్యూయార్క్ నుంచి లివర్‌పూల్ వెళ్లిన మడత ఉత్తరం, మీద ఎర్ర సిరాతో 19 అని ముద్ర. ఎర్ర సిరా అంటే డబ్బు ముందే కట్టేశారు, 19 అంటే మోసింది బ్రిటిష్ ఓడ, అందుకని అమెరికా వాళ్లు 16కి 3 కలిపి బ్రిటన్ ఖాతాకి జమ వేశారు. అదే అమెరికా ఓడైతే ఒట్టి 3 ఉండేది. రెండు సర్కార్లు ఉత్తరం మీదే చిట్టా రాసుకున్నాయన్నమాట!

రేటు 1868లో 12 సెంట్లకి, 1870లో 6కి దిగింది. 1875లో చాలా దేశాలు కలిసి పెట్టుకున్న తపాలా యూనియన్ వచ్చాక ఈ పంపకాలే అక్కర్లేకుండా పోయాయి, ఆ తర్వాతి కవర్లంటే నాకు పెద్దగా మోజు లేదు.

ఈ పాత కాగితాలకి బెజవాడ ఎండ పర్లేదు గానీ వానాకాలం చెమ్మతోనే టెన్షన్. లామినేషన్ చేయించమనేవాళ్లకి ఓ దణ్ణం.

ఇప్పుడు వెతుకుతున్నది నల్ల సిరాలో 5 ఉన్నది: డబ్బు కట్టకుండా బ్రిటిష్ ఓడెక్కిన ఉత్తరం, అమెరికాకి రావలసిన బాకీ.